పంచాయతీ ఎన్నిక పద్ధతిగా జరగాలంటే ఊరి కుర్రాళ్ళు చేయగల పని

నెల్లూరు జిల్లా కలిగిరి వైపు ఒక పంచాయతీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. పదిహేను మంది కుర్రాళ్ళు కలిశారు. ఏ పార్టీకీ చెందరు. సర్పంచ్ ఎన్నికలో బూత్ దగ్గర పరిశీలకులుగా నిలబడాలని, డబ్బు పంచేవాళ్ళని వీడియో తీసి సీవిజిల్ అనే ఫిర్యాదుల యాప్‌లో పెట్టాలని అనుకుంటున్నారు. ఇంకేం చేయాలో చెప్పమని అడిగారు.

ముందు ఆ రెండూ పక్కన పెట్టండి తమ్ముళ్ళూ. పోలింగ్ కేంద్రం లోపలికి ఎవరు రావచ్చో నిబంధనల్లో రాసి ఉంది: సిబ్బంది, అభ్యర్థి, ఏజెంటు, ఓటరు, చూపులేని ఓటరుకు తోడు వచ్చిన మనిషి, ఎన్నికల సంఘం పాస్ ఇచ్చినవాళ్ళు. యువజన సంఘానికి అందులో చోటు లేదు. గుమ్మం దగ్గర పుస్తకం, పెన్ను పట్టుకుని నిలబడితే మొదట ఎస్సై మిమ్మల్నే పంపిస్తాడు. ఇక సీవిజిల్, 1950 ఫోన్ నంబరు రెండూ కేంద్ర ఎన్నికల సంఘానివి, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల కోసం పెట్టినవి. పంచాయతీ ఎన్నికలు నడిపేది విజయవాడలో ఉన్న రాష్ట్ర ఎన్నికల సంఘం. అది రాజ్యాంగం 243-కె కింద ఏర్పడిన వేరే సంస్థ. ఈ తేడా తెలియక చాలామంది ఫిర్యాదు తప్పు చోట పెట్టి, జవాబు రాలేదని నీరసపడిపోతారు.

మీకు చట్టం ఇచ్చిన బలం పోలింగ్ రోజున తక్కువ, ఓటర్ల జాబితా దగ్గర ఎక్కువ. జాబితాపై అభ్యంతరం చెప్పడానికి పార్టీ అండ అక్కర్లేదు, ఓటరైతే చాలు. పైగా వార్డు ఎన్నికలో తేడా పది ఓట్లు, ఐదు ఓట్లు, ఒక్కోసారి ఒక్కటే ఉంటుంది. చనిపోయినవాళ్ళ పేర్లు ఆరు, రెండుచోట్ల ఉన్నవి నాలుగు ఉంటే ఆ వార్డు ఫలితం జాబితాలోనే తేలిపోయినట్టు.

పంచాయతీకి విడిగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితానే తీసుకుని వార్డులవారీగా విడగొడతారు. కాబట్టి అసెంబ్లీ జాబితాలో లేని పేరు పంచాయతీ జాబితాలోకి రాదు. వార్డుల జాబితా ముసాయిదా పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాక వచ్చే కొద్ది రోజుల్లో మీరు సరిచేయించగలిగేది వార్డు తప్పులు, అచ్చు తప్పులు మాత్రమే. అసలు చేర్పులు, తొలగింపులు అంతకు నెలా రెండు నెలల ముందే అయిపోవాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే అందదు.

రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో మీ నియోజకవర్గం, పోలింగ్ కేంద్రం ఎంచుకుంటే జాబితా ఉచితంగా దిగుతుంది. రెండు ప్రతులు ప్రింట్ తీయండి. ఒకటి ఇంటింటికీ తిప్పడానికి, ఇంకోటి శుభ్రంగా దాచడానికి. ఇద్దరిద్దరు చొప్పున నాలుగు జట్లు చాలు. ప్రతి జట్టులో ఒకరు ఆ వీధివాళ్ళు, ఇంకొకరు వేరే వీధివాళ్ళు ఉండాలి. సొంత వీధిలో మొహమాటం అడ్డొస్తుంది, పరాయి వీధిలో మనుషులు తెలియరు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య తిరిగితే జట్టుకి పాతికిళ్ళు అవుతాయి. మూడొందల ఇళ్ళ ఊరు మూడు సాయంత్రాల్లో తేలిపోతుంది. పొగాకు, మిర్చి కోతలున్న రోజులైతే నాలుగు పెట్టుకోండి.

పేరు పక్కన గుర్తులు ఎక్కువ వద్దు. చనిపోయారు, శాశ్వతంగా వెళ్ళిపోయారు, రెండుచోట్ల ఉంది, వివరాలు తప్పు, ఇంట్లో ఉన్నా జాబితాలో లేరు అనే ఐదు చాలు. ప్రతి గుర్తు పక్కన ఎవరు చెప్పారో, ఏ తేదీనో రాయండి. చెప్పినవాళ్ళ పేరు లేని గుర్తు తర్వాత ఎందుకూ పనికిరాదు.

ఫారాల సంగతి. కొత్తగా చేరడానికి ఫారం-6. ఇల్లు మారినా, పేరు, వయసు తప్పున్నా, కార్డు పోయినా ఫారం-8. పేరు మీద అభ్యంతరానికి, తొలగింపుకి ఫారం-7. పద్దెనిమిదేళ్ళు నిండడానికి ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు లెక్కలోకి వస్తాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. పదిహేడు నిండినవాళ్ళు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెళ్ళయి వచ్చిన కోడళ్ళ విషయంలో ఊళ్ళలో తరచూ జరిగే తప్పు ఏమిటంటే, పుట్టింట్లో పేరు అలాగే ఉంచి ఇక్కడ ఫారం-6 పెట్టడం. అప్పుడు రెండుచోట్లా ఓటు ఉంటుంది, అది నేరం. ఫారం-8 పెడితే పాత చోట పేరు తీసి ఇక్కడ వేస్తారు.

ఫారం-7తో జాగ్రత్త. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఈ ఫారాలు లక్షల్లో పడ్డాయి, చాలాచోట్ల పోలీసు కేసులయ్యాయి. అబద్ధపు ప్రకటన ఇస్తే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు. మీ సంఘం పేరుతో కట్టలుగా ఫారం-7లు పెట్టనే వద్దు. చనిపోయినవాళ్ళ పేరైతే ఆ ఇంటివాళ్ళ చేతే పెట్టించండి, మరణ ధ్రువీకరణ పత్రం నకలు జతచేయండి. ఇంటివాళ్ళు ముందుకు రాకపోతే పేర్ల పట్టీ రాసి బీఎల్‌ఓకి (బూత్ స్థాయి అధికారికి) ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. విచారణ చేయాల్సిన పని ఆయనది.

ఎవరి పేరు మీద తొలగింపు దరఖాస్తు పడిందో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది, పార్టీల వాళ్ళకి తప్ప ఊర్లో ఎవరికీ పెద్దగా తెలియదు. ఓటరు నమోదు అధికారి తనకొచ్చిన దరఖాస్తుల పట్టికలను నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో పెట్టాలి. చేర్పులవి ఫారం-9, అభ్యంతరాలవి ఫారం-10. వారానికోసారి ఫారం-10 చూడండి. ఎవరి పేరు మీద ఎవరు అభ్యంతరం పెట్టారో అందులో ఉంటుంది. బతికున్న మనిషి, ఊర్లోనే ఉన్న మనిషి పేరు కనిపిస్తే వెంటనే వాళ్ళకి చెప్పండి. నోటీసు ఇచ్చి, మాట విని గానీ పేరు తీయకూడదు. తీసేస్తే 15 రోజుల్లో కలెక్టరుకి అప్పీలు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో ముఖ్య ఎన్నికల అధికారికి రెండో అప్పీలు.

మన వైపు జాబితాలోంచి ఎక్కువగా జారిపోయేది రెండు రకాల మనుషులు. ఒకరు గిరిజన కాలనీల్లోని యానాదులు. రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీలకో కుటుంబంతో సహా వెళ్తారు. బీఎల్‌ఓ వచ్చేసరికి గుడిసెకి తడిక కట్టి ఉంటుంది, ‘ఇక్కడ లేరు’ అని రాసుకుపోతాడు. రెండోవాళ్ళు ఉదయగిరి, కనిగిరి మెట్ట నుంచి హైదరాబాద్, బెంగళూరు పనులకి వెళ్ళి వచ్చేవాళ్ళు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన అక్కడి నివాసం పోదని అదే 1950 చట్టం సెక్షన్ 20లో ఉంది. ఆ మాట కాగితం మీద రాసి, కాలనీ పెద్ద చేత, ఇరుగుపొరుగు ఇద్దరి చేత సంతకం లేదా వేలిముద్ర వేయించి బీఎల్‌ఓకి ఇవ్వండి. పత్రాలే లేని కుటుంబమైతే ఫారం-6 తీసుకోకుండా తిప్పి పంపకూడదు. బీఎల్‌ఓ స్వయంగా వచ్చి విచారించాలి. కానీ బెంగళూరులో ఓటు రాయించుకుని పండక్కి మాత్రమే వచ్చే మనిషికి ఇక్కడా ఓటు ఉండాలని వాదించకండి, అతను మీ మేనమామ అయినా సరే.

వార్డుల ముసాయిదా వచ్చిన రోజే మీ దగ్గరున్న శుభ్రమైన ప్రతితో పోల్చండి. ఒకే ఇంట్లో తల్లి మూడో వార్డులో, కొడుకు ఐదో వార్డులో ఉండడం, వీధి చివరి పది ఇళ్ళు పక్క వార్డుకి పోవడం ఇక్కడే జరుగుతాయి. అన్నీ కుట్రలు కావు, డోరు నంబర్లు సరిగా లేకపోవడమే ఎక్కువసార్లు కారణం. అభ్యంతరం ఇచ్చేటప్పుడు వీధి పటం చేత్తో గీసి, ఇంటి నంబర్లు వేసి జతచేస్తే పంచాయతీ కార్యదర్శికీ పని తేలికవుతుంది.

ఇక నామినేషన్లు. గొడవలు జరిగేది నామినేషన్, ఉపసంహరణ రోజుల్లోనే, పోలింగ్ రోజుకి సగం వేడి తగ్గిపోతుంది. ఏకగ్రీవం పేరుతో జరిగేది చూడండి. అందరూ కూర్చుని ఒక మనిషిని ఒప్పుకుంటే తప్పేమీ లేదు. గుడికి ఇంత ఇస్తానని పదవిని వేలం వేస్తే, నామినేషన్ వేసినవాడి పొలానికి నీళ్ళు ఆపితే అది ఏకగ్రీవం కాదు. 2021లో ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ఊరికి డబ్బొస్తుంది కదా అనే మాటతో బలహీనుల నామినేషన్లు వెనక్కి తీయించడం తేలికవుతుంది. వేలం జరుగుతుందని తెలిస్తే జరిగాక కాదు, జరగబోయే రోజు ముందే ఎంపీడీఓకి, కలెక్టరుకి (పంచాయతీ ఎన్నికల్లో జిల్లా ఎన్నికల అధికారి ఆయనే), రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఒకేసారి రాతపూర్వకంగా తెలపండి. జరిగాక సాక్ష్యం చెప్పే మనిషి దొరకడు.

నామినేషన్ వేయడానికి భయపడే అభ్యర్థి, ముఖ్యంగా రిజర్వుడు స్థానంలో ఎస్సీ, ఎస్టీ మహిళ ఉంటే మీరు చేయగల సాయం ఉంది. అందరు అభ్యర్థులకీ సమానంగా చేస్తామని ముందే ప్రకటించి చేయండి. కావలసిన పత్రాల పట్టీ గోడకి అంటించండి: కుల ధ్రువీకరణ, అభ్యర్థి పేరు, ప్రతిపాదకుడి పేరు ఉన్న జాబితా పేజీ, డిపాజిట్ రసీదు, ప్రకటన పత్రాలు. పరిశీలనలో పోయే నామినేషన్లు ఎక్కువగా ఖాళీ వదిలేసిన గడుల వల్ల, ప్రతిపాదకుడి క్రమసంఖ్య తప్పు పడడం వల్ల పోతాయి. వర్తించని చోట ‘లేదు’ అని రాయాలి, గీత గీసి వదలకూడదు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పోటీకి పనికిరారన్న పాత నిబంధన 2024లో తీసేశారు. ఇప్పటికీ దాన్ని చూపించి భయపెట్టేవాళ్ళున్నారు, ఈ మాట ఊరంతా చెప్పండి.

ఉపసంహరణ కాగితం అభ్యర్థి స్వయంగా గానీ, అతను రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన ప్రతిపాదకుడు గానీ, ఏజెంటు గానీ ఇవ్వాలి. దొంగ సంతకంతో ఎవరో ఇచ్చిపోయారన్న గొడవలు ఇక్కడ పుడతాయి. బెదిరింపు ఉందనుకునే అభ్యర్థి, ‘నేను ఉపసంహరించుకోవడం లేదు, నేను స్వయంగా వస్తే తప్ప నా పేరుతో ఏ కాగితమూ తీసుకోవద్దు’ అని ముందే రిటర్నింగ్ అధికారికి రాసిచ్చి, తేదీ, సమయం వేసిన రసీదు తీసుకుంటే ఆ దారి చాలావరకు మూసుకుంటుంది.

గొడవలు చేస్తారని ఊరికి తెలిసిన మనుషులుంటారు. పోలీసుల బైండోవర్, అంటే గొడవ చేయనని ముందే పూచీకత్తు రాయించుకోవడం, వాళ్ళకోసమే. ఇప్పుడు అది భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 126 కింద తహసీల్దారు ఎదుట నడుస్తుంది. పేర్లు వాట్సాప్‌లో పెట్టకండి. ఇద్దరు పెద్దమనుషులు వెళ్ళి, ఎప్పుడు ఏ గొడవలో ఉన్నారో వివరంగా రాసి ఎస్సైకి ఇవ్వాలి. ఏ వీధివాళ్ళు బూత్‌కి రావాలంటే ఎవరి ఇళ్ళ ముందునుంచి రావాలో, అక్కడ ఇంతకుముందు అడ్డుకున్న సంఘటనలు ఏమున్నాయో కూడా రాసివ్వండి. బందోబస్తు వేసేటప్పుడు పోలీసులకి కావలసిన సమాచారం అదే.

డబ్బు గురించి నిక్కచ్చిగా చెప్పాలి. ‘మా ఓటు అమ్మబడదు’ బోర్డుల వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. రెండు వైపులా తీసుకుని ఇష్టమైనవాళ్ళకి వేసే ఓటరుకి ఆ బోర్డు తిట్టులా తగులుతుంది, మీ మాట వినడం మానేస్తాడు. ఫిర్యాదులు ఎందుకు నీరుగారిపోతాయో కూడా తెలుసుకోండి. భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద ఓటుకి లంచం నేరమే, ఏడాది దాకా శిక్ష ఉంది. కానీ అది మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల్లో ఉంది. ఎస్సై జనరల్ డైరీలో రాసి, కోర్టు అనుమతికి పంపాలి. ఆ అనుమతి కోసం ఎవరూ వెంటపడకపోతే కాగితం అక్కడే ఆగిపోతుంది. డైరీ నంబరు అడిగి తీసుకోండి, రెండ్రోజులకోసారి అడగండి. అదే మద్యం నిల్వ అయితే ఎక్సైజ్ వాళ్ళు వెంటనే పట్టుకోగలరు, సరుకు కళ్ళకి కనిపిస్తుంది. మీ శ్రమ ముందు అటు పెట్టండి.

లంచంలో ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ నేరస్తులే. ఓటరు ముఖం కనిపించేలా వీడియో తీసి గ్రూపుల్లో తిప్పితే ఒక కూలీ తల్లిని కేసులోకి లాగినవాళ్ళవుతారు. ఇచ్చే మనిషి, బండి నంబరు, చోటు, సమయం, ఏమి చెప్పి ఇస్తున్నాడు, ఇవి చాలు. వీడియోని కత్తిరించకుండా అధికారికి మాత్రమే ఇవ్వండి, అసలు ఫోన్‌లోంచి చెరపకండి. రాత్రిపూట ఒంటరిగా వెంబడించడం వద్దే వద్దు.

మద్యం విషయంలో మీ మండలానికి ఒక చరిత్ర ఉంది. 1990ల మొదట్లో సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది కలిగిరి మండలం దూబగుంటలోనే. రోశమ్మ లాంటి ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతుల నుంచి లేచి సారా దుకాణాలు మూయించారు, అది చివరికి 1995లో రాష్ట్రమంతా మద్య నిషేధం దాకా వెళ్ళింది. పోలింగ్ ముందు ఆఖరి రెండు రాత్రుల్లో వీధి చివర పదిమంది పొదుపు సంఘం ఆడవాళ్ళు కూర్చుంటే వచ్చే ఫలితం పదిహేను మంది మగపిల్లల గస్తీతో రాదు. ఒక్క హెచ్చరిక: సంఘాల లీడర్లని పార్టీలు మీటింగులకి జనాన్ని తోలడానికి వాడుకుంటాయి. లీడర్ని కాదు, సభ్యులని నేరుగా అడగండి.

డబ్బు మాటని పక్కకి తోసేది పంచాయతీ లెక్కల మాటే. ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో మీ పంచాయతీకి వచ్చిన నిధులు, చేసిన ఖర్చు ఎవరైనా చూడవచ్చు. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టుబడి ఉండాల్సింది, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి ఖర్చుపెట్టుకునే వీలుండేది. ఐదేళ్ళ లెక్క రెండు పేజీల్లో తీసి, అభ్యర్థులందర్నీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టండి. అనుమతి ముందే తీసుకోవాలి. గుడి, చర్చి, కుల సంఘం భవనం వద్దు, రచ్చబండ మేలు. మాట్లాడే వరుస చీటీలు తీసి నిర్ణయించండి, మనిషికి ఐదు నిమిషాలు. ప్రశ్నలు చీటీల మీద రాయించి, వ్యక్తిగత నిందలున్నవి తీసేసి చదవండి. మైకు రాత్రి పది దాటకూడదు. ఒక అభ్యర్థి రాకపోతే కుర్చీ ఖాళీగా పెట్టి ఎగతాళి చేయకండి. రాలేదని ఒక్క మాట చెప్పి ముందుకు పోండి, లేకపోతే మీరు రెండో పక్షం మనుషులని ముద్ర పడుతుంది.

పోలింగ్ రోజు మీరు 200 మీటర్ల అవతలే ఉండండి. తెల్ల కాగితం మీద క్రమసంఖ్య, వార్డు రాసిచ్చే సాయం బల్ల పెట్టవచ్చు, ఎవరి గుర్తూ ఉండకూడదు. అది కూడా పోలీసులకి ముందే చెప్పి పెట్టండి. తన ఓటు ఎవరో వేసేశారని తెలిసిన ఓటరు ఏడుస్తూ వెనక్కి రాకూడదు. గుర్తింపు చూపించి టెండర్ ఓటు, అంటే విడిగా కవర్లో పెట్టే బ్యాలెట్, అడగాలి. ఆ ఓటు లెక్కలోకి రాదు, కానీ తర్వాత కోర్టులో దొంగ ఓటుకి రుజువు అదే. ఏజెంట్లకి మీరు శిక్షణ ఇవ్వదలిస్తే అన్ని పక్షాలనీ కలిపి పిలిచి ఇవ్వండి. ఖాళీ బ్యాలెట్ పెట్టె చూపించాక సీలు నంబరు రాసుకోవడం, చివర్లో వాడిన, మిగిలిన బ్యాలెట్ల లెక్క రాసుకోవడం, ఆ రెండే వాళ్ళకి బాగా ఎక్కాలి.

పంచాయతీలో లెక్కింపు అదే రోజు, అక్కడే. 2021లో పోలింగ్ మధ్యాహ్నం మూడున్నరకి ముగిసి నాలుగు నుంచి లెక్కింపు మొదలైంది. పెద్ద పంచాయతీల్లో ఇది రాత్రి దాకా సాగుతుంది, అప్పుడు కరెంటు పోతే పుకారు పుడుతుంది, పుకారుతో రాళ్ళు లేస్తాయి. అందుకని జనరేటరు గానీ ఛార్జింగ్ లైట్లు గానీ ఉంచమని, వీడియో తీయించమని వారం ముందే ఎంపీడీఓకి అర్జీ ఇవ్వండి. చెల్లని ఓట్ల దగ్గరే పంచాయితీ వస్తుంది. ఇద్దరి గుర్తుల మీద ముద్ర వేసినా, ఓటరు ఎవరో తెలిసేలా సంతకమో వేలిముద్రో ఉన్నా చెల్లదు. మడతపెట్టినప్పుడు సిరా అవతలి గడిలోకి అంటుకుంటే మాత్రం, అసలు ముద్ర ఎక్కడో స్పష్టంగా ఉంటే చెల్లుతుంది. ఈ ఒక్క సంగతి ఏజెంట్లకి ముందే తెలిస్తే సగం అరుపులు ఉండవు. మళ్ళీ లెక్కించమని అడగాలంటే ఫలితం ప్రకటించక ముందే, కారణం చెప్పి, రాతపూర్వకంగా అడగాలి. ప్రకటించాక రిటర్నింగ్ అధికారి చేతిలో ఏమీ ఉండదు, ఇక 30 రోజుల్లో ఎన్నికల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసుకోవడమే.

మీ సంఘం గురించి ఒక్క నియమం. పదిహేను మందిలో ఎవరి ఇంట్లోంచి ఎవరు పోటీ చేసినా, ఏజెంటుగా కూర్చున్నా, ఆ రోజు నుంచి ఫలితం దాకా వాళ్ళు గ్రూపులో ఉండకూడదు. టీ ఖర్చు కూడా అభ్యర్థుల దగ్గర తీసుకోవద్దు. తిప్పిన జాబితా ప్రతులు, రసీదులు, డైరీ నంబర్లు అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, ఏ పక్షానికీ చెందని మనిషి ఇంట్లో ఉంచండి. ఎవరైనా ట్రిబ్యునల్‌కి వెళ్తే ఆ కాగితాలే అడుగుతారు.